విశ్వాసము – అనుమానము : తెలుఁగు క్రైస్తవ వాఙ్మయమున మోక్షోపాయ పరిభాష

క్రైస్తవమతమున మోక్షోపాయ మెయ్యది యను ప్రశ్నమునుగూర్చి పాశ్చాత్యదేశములందు పదునాఱవ శతాబ్దిలోఁ బుట్టిన వివాదము తెలుఁగుదేశమునకు వాదరూపమునఁ గాక పదరూపమున వచ్చినది. పండితసభలలో పూర్వపక్ష సిద్ధాంతములుగా నది యిచ్చట నడచినది తక్కువ. ప్రార్థనపుస్తకములలో, ప్రశ్నోత్తరమాలికలలో, గ్రంథానువాదములలో నొక్కొక్క మాటనాశ్రయించి నిలిచినది యెక్కువ. ఒక యర్థమునకే కథోలికు లొక శబ్దమును, లూథరనులు మఱియొక శబ్దమును వాడుదురు. ఈ శబ్దభేదమును దేశీయులు పెక్కండ్రు సంఘాచారముగా నెంచి యూరకుందురు. కాని యీ శబ్దములను విమర్శించినచో వివాదసర్వస్వమును వానియందే కాననగును. అంతేకాదు, వివాదమునకుఁ గొంత సమాధానమును గూడ నందే కాననగును.

ఈ పరిశీలనమునకుఁ బల్నాటిసీమ తగిన క్షేత్రము. కృష్ణకు దక్షిణతీరమునందలి అచ్చంపేట మొదలుకొని సత్తెనపల్లి, నరసరావుపేట, గురజాల, మాచర్లల వఱకు నున్న గ్రామములలో నీ రెండు సంఘములవారును తరతరములుగా నిరుగుపొరుగులై యున్నారు. తాళ్లచెరువు, ఫిరంగిపురము, రెంటచింతల మొదలగు తావులు కథోలికులకుఁ బేరుపొందినవి. గురజాల లూథరను ప్రచారమునకుఁ దొలినాళ్ల స్థానము. నరసరావుపేట సత్తెనపల్లి ప్రాంతములలో అమెరికను బాప్తిస్టులు పనిచేసిరి. ఒకే యూరి రెండు వీధులలో నొకచోట పూజగంటయు, మఱియొకచోట ఆరాధనగంటయు మ్రోగుట యీ సీమలో నరుదు గాదు. ఒక వీధివారు “సర్వేశ్వరుఁ” డనఁగా, రెండవ వీధివారు “దేవుఁ” డందురు. ఒకరు “సువిశేష” మనఁగా, రెండవవారు “సువార్త” యందురు. ఈ రెండు జంటలు నిరపాయములు. అపాయకరములైన జంటలు వేఱుగా నున్నవి.

పరిభాష యెట్లు పుట్టెనో ముందుగాఁ దెలియవలెను. కథోలిక పరిభాషకు మూలపురుషుఁడు రాబర్టు నొబిలి (1577–1656). ఆతఁడు 1606లో మధుర చేరి, సన్న్యాసివేషము ధరించి, సంస్కృతశబ్దములతోఁ దమిళమున క్రైస్తవసిద్ధాంతమును బోధించెను. తరువాత పదునెనిమిదవ శతాబ్ది మొదటఁ దెలుఁగుసీమఁ బ్రవేశించిన ఫ్రెంచి యేసుసభ గురువులు ఆ పద్ధతినే యనుసరించిరి. కాఁబట్టి తెలుఁగు కథోలికుల మతశబ్దములలోఁ బెక్కింటికి దమిళమున సోదరశబ్దము లున్నవి. లూథరను పరిభాషకు మూలము వేఱు. బెంజమిను షుల్జ్ (1689–1760) చెన్నపురిలోఁ దెలుఁగు నేర్చి లూథరుని లఘుప్రశ్నోత్తరిని దెలుఁగునకు మార్చెను. అది 1746లో జర్మనీలోని హాలె నగరమున ముద్రితమైనది. తెలుఁగున నచ్చుపడిన తొలి పుస్తకములలో నది యొకటి. పిమ్మట విశాఖపట్టణమున 1805లో లండను మిషనువారు ప్రారంభించిన బైబిలు అనువాదమును, తరువాతి సంస్కరణములును ఆ పరిభాషను స్థిరపఱచినవి. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1842 జూలై 31న గుంటూరు చేరి, అటుపిమ్మటఁ బల్నాటికి వచ్చునప్పటికి ఆ మాటలు సిద్ధముగా నుండెను. లూథరను లాతనిని నేఁటికిని “ఫాదరు హయ్య” రనియే పిలుచుచుండుట గమనింపఁదగినది. మాటలు సంఘముల సరిహద్దుల నెల్లప్పుడును బాటింపవు.

సామాన్యముగా నీ వివాదమును జెప్పువారు, “లూథరనులకు విశ్వాసము, కథోలికులకు సంస్కారములు” అని రెండు ముక్కలలోఁ దేల్చుదురు. ఈ విభాగము మూలగ్రంథములకు విరుద్ధము. 1529 నాఁటి లూథరుని లఘుప్రశ్నోత్తరిలో మొదట పదియాజ్ఞలు, పిమ్మట విశ్వాసప్రమాణము, పరలోకప్రార్థన, ఆపైని బాప్తిస్మము, ప్రభుభోజనము వివరింపఁబడినవి. సంస్కారములకుఁ బ్రత్యేకప్రకరణము లిచ్చినవాఁడు సంస్కారములను ద్రోసిపుచ్చినాఁ డనుట పొసఁగదు. త్రెంతు మహాసభ ననుసరించి 1566లో వెలువడిన రోమను ప్రశ్నోత్తరిలోనో విశ్వాసప్రమాణము మొదటిది, సంస్కారములు రెండవవి, ఆజ్ఞలు మూఁడవవి, ప్రార్థన నాలుగవది. సత్క్రియలచే మోక్షము సంపాదింతురని కథోలికులను నిందించువారు, ఆ గ్రంథమున నాజ్ఞలు విశ్వాస సంస్కారముల తరువాతనే యుండుటను జూడవలెను. లూథరు ఆజ్ఞలను ముందుంచుటకుఁ గారణము గలదు. ధర్మశాస్త్రము మనుష్యునికి వాని యశక్తిని జూపు నద్దమని యాతని మతము. రోగనిర్ణయము ముందు, మందు తరువాత. కథోలికగ్రంథమున మందు ముందు, పథ్యము తరువాత. భేదము క్రమమునందే గాని వస్తువుల సద్భావమునందుఁ గాదు.

మందు ప్రస్తావన వచ్చినందున మంగళగిరి ఆనందకవిని స్మరింపవలెను. పదునెనిమిదవ శతాబ్దికిఁ జెందిన యీ కవి క్రీస్తుచరిత్రమును బ్రబంధముగా రచించి దానికి “వేదాంతరసాయన” మని పేరు పెట్టెను. ఈ నామకరణము కేవలాలంకారము గాదు. రసాయనము లోనికిఁ బుచ్చుకొనవలసినది. అది రక్తమాంసములలోఁ గలిసి దేహమును మార్చును. దేవుని యనుగ్రహ మాత్మలోఁ బ్రవేశించి దానిని స్వస్థపఱచు నను కథోలికసిద్ధాంతమునకు నింతకంటెఁ దగిన తెలుఁగు పేరు దొరకదు. లూథరను బోధకులు ప్రధానముగా గ్రహించిన యుపమానము వైద్యశాలనుండి కాక న్యాయసభనుండి వచ్చినది. దోషి నిలువఁబడియున్నాఁడు, మధ్యవర్తి వానికొఱకు శిక్ష ననుభవించినాఁడు, న్యాయాధిపతి వానిని నిర్దోషి యనుచున్నాఁడు. ఇందు లోనికిఁ బుచ్చుకొనుట లేదు, చెవితో వినుట గలదు. ఒకచోట ఔషధము, వేఱొకచోట తీర్పు. తక్కిన పదభేదములన్నియు నీ యుపమానద్వయమునుండి వెడలినవే.

మొదటి జంట “వరప్రసాదము – కృప.” కథోలికులు వరప్రసాద మనుదానినే ప్రొటెస్టంటులు కృప యందురు. కృప యిచ్చువాని హృదయమునందుండును. ప్రసాదము పుచ్చుకొనువాని దోసిటఁ బడును. దేవాలయమునఁ బ్రసాదము స్వీకరించి కన్నుల కద్దుకొని భుజించు నలవాటు గల దేశమున నీ శబ్దమును గ్రహించిన గురువుల భాషాజ్ఞానము కొనియాడఁదగినది. అనుగ్రహ మాత్మకు సంక్రమించు గుణవిశేష మను సిద్ధాంతమును బామరుఁడు సైత మా యొక్కమాటతో గ్రహించును. అయినను దానియందుఁ బ్రమాదము గలదు. ప్రసాదమునకుఁ బరిమాణ మున్నది, ఎక్కువతక్కువ లున్నవి, పంచిపెట్టువాని చేయి యున్నది. ఇచ్చువాని మనస్సు మఱపునకు వచ్చి యిచ్చిన వస్తువే ప్రధానమగుట సులభము. కృపాశబ్దమున నీ ప్రమాదము లేదు గాని, వేఱొకటి గలదు. దయగల ప్రభువు దయఁజూపి వెడలిపోవచ్చును. దయఁబొందినవాఁ డెప్పటివలెనే యుండవచ్చును. కృప మనుష్యునిలో నేమిచేసినదను ప్రశ్నకు నా శబ్దము తనంతట నుత్తర మీయదు.

రెండవది “తీర్చఁబడుట.” ఇది జంట గాదు, ఒకే శబ్దము. ప్రొటెస్టంటుల తెలుఁగు బైబిలులో రోమీయులకుఁ బౌలు వ్రాసిన పత్రికయందు, మనుష్యుఁడు విశ్వాసమువలన నీతిమంతుఁడుగాఁ దీర్చఁబడు నని చెప్పుచోట నీ క్రియ వాడఁబడినది. వివాదమంతయు నీ క్రియయొక్క మూలమగు గ్రీకుశబ్దము మీఁదనే యాధారపడియున్నది. దాని కర్థము “నిర్దోషి యని ప్రకటించుట” యని లూథరనులు, “నిజముగా నీతిమంతునిఁ జేయుట” యని కథోలికులు. తెలుఁగు “తీర్చు” ధాతువును జూడుఁడు. పెద్దలు తగవు తీర్తురు. తీర్పు దానినుండియే పుట్టినది. స్త్రీలు వాకిట ముగ్గు తీర్తురు, నుదుటఁ దిలకము తీర్తురు. చెదరినదానిని జక్కఁజేయుట యిచ్చట నర్థము. ఋణస్థుఁ డప్పు తీర్చును. ఇతరుఁ డాతని కొఱకుఁ దీర్చుటయుఁ గలదు. న్యాయసభయు, శిల్పియు, పూఁటకాపును ఈ యొక్కధాతువున నిమిడియున్నారు. లూథరను చదువరి “తగవు తీర్చుట”ను వినును. కథోలిక చదువరి “తిలకము తీర్చుట”ను వినును. క్రీస్తు మరణమును ఋణవిమోచనముగాఁ దలంచువాఁడు “అప్పు తీర్చుట”ను వినును. మూలశబ్దముయొక్క సందిగ్ధత నింత నిండుగా నిలుపుకొన్న యనువాదము దొరకుట యరుదు. అనువాదకు లెఱిఁగి చేసిరో యెఱుఁగక చేసిరో చెప్పుట కవకాశము లేదు. ఎట్లైనను భాష వారికంటెఁ దెలివిగా వర్తించినది.

అయితే యాకోబు పత్రికయందు, విశ్వాసముతో మాత్రమే కాక క్రియలతోను నీతిమత్త్వము గలుగునని చెప్పిన ప్రసిద్ధవాక్యమున నదే గ్రీకుక్రియకుఁ “దీర్చఁబడు” కాక “యెంచఁబడు” అను మాట కానవచ్చుచున్నది. ఎంచుట లెక్కించుట, భావించుట. పౌలునకును యాకోబునకును గల బాహ్యవిరోధ మిందువలనఁ గొంత తగ్గి కన్పట్టును. పౌలు చెప్పినది తీర్పు, యాకోబు చెప్పినది యెన్నిక, అని చదువరికిఁ దోఁచును. ఈ సౌలభ్యము మూలమున లేదు. విరోధమును బరిహరించుట వ్యాఖ్యాత పని, అనువాదకుని పని గాదు. అదే శబ్ద ముభయత్ర వాడియుండిన, చదువరి యా కష్టమును దానే యెదుర్కొని యాలోచించియుండును.

ఇచ్చటనే వ్యాకరణవిషయ మొకటి గలదు. 1522లోఁ బ్రకటించిన తన జర్మను అనువాదమున లూథరు రోమీయపత్రికలోని యా వాక్యమునకు “మాత్రమే” యను నర్థమిచ్చు పద మొకటి చేర్చెను. గ్రీకున నది లేదు. విశ్వాసముతోఁ గూడి “మాత్రమే” యను పదము గ్రీకు క్రొత్తనిబంధనమున యాకోబువాక్యమునందే యున్నది, అదియు నిషేధరూపమున. ప్రతిపక్షు లాక్షేపింపఁగా 1530లోఁ బ్రకటించిన యనువాదవిషయకలేఖలో నాతఁ డొక సమాధానము చెప్పెను. ఒకదానిని నిషేధించి మఱియొకదానిని విధించునపుడు “మాత్రమే” యనుట జర్మనుభాషా సంప్రదాయ మని దాని సారము. ఈ వాదము జర్మనుభాషకంటెఁ దెలుఁగునకే యెక్కువగాఁ జెల్లును. “బండిమీఁద గాదు, నడచియే వచ్చితిని” అనునపుడు అవధారణార్థకమైన యేకారము రాకున్నఁ దెలుఁగు వాక్యము కుంటువడును. తెలుఁగు అనువాదమునను ధర్మశాస్త్రక్రియల నిషేధించిన పిమ్మట విశ్వాసశబ్దముపై నేకారము పడినది. జర్మనీదేశమున సంఘభేదమునకుఁ గారణములలో నొకటైన పదము, తెలుఁగున నొక యచ్చుగా మాఱి, యెవ్వరికిని గలహకారణము గాక, పదము చివర నణఁగియున్నది.

మూఁడవది “విశ్వాస” శబ్దము. ఇది యుభయులకును సమానము. అందువలననే విమర్శ యవసరము. తెలుఁగున విశ్వాసమునకు రెండర్థములు ప్రసిద్ధములు. చెప్పినది నిజమని యంగీకరించుట యొకటి. ఉప్పుదిన్నవానిపట్ల నమ్మకముగా మెలఁగుట రెండవది. విశ్వాసఘాతకుఁ డనునపుడు రెండవయర్థమే. లూథరు చెప్పిన విశ్వాసము నిశ్చయముగా నీ రెండును గాదు. మునిఁగిపోవువాఁడు పైనున్నవాని చేతిపైఁ బెట్టుకొను భరోసా యది. దానికిఁ దెలుఁగున “నమ్మిక” యను దేశ్యశబ్దము సన్నిహితము. కథోలికుల “విశ్వాససంగ్రహ” మనుచోట మొదటి యర్థము ప్రధానము; సభ బోధించు సత్యముల యంగీకారమని భావము. ఈ భేదమును గుర్తింపకుండుటచేఁ దెలుఁగు ప్రచారగ్రంథములలో నిరుపక్షములవారును బరస్పరము తగులని బాణములు వేసిరి. “దయ్యములును విశ్వసించునుగదా” యని యాకోబు ననుసరించి కథోలికుఁ డాక్షేపించును. ఆ యాక్షేపము అంగీకారమాత్రమైన విశ్వాసమునకుఁ దగులును, నమ్మికకుఁ దగులదు. దయ్యములు నమ్మి చేయి చాఁపవు. “మీరు విశ్వాసమును జాలదనుచున్నారు” అని లూథరనుఁడు ప్రత్యాక్షేపించును. కథోలికుఁడు చాలదన్నది ప్రేమతోఁ గూడని యంగీకారమును. ప్రేమతోఁ గూడిన నమ్మికను గాదు. 1547 జనవరి 13న త్రెంతుసభ చేసిన నిర్ణయమే విశ్వాసమును నీతిమత్త్వమునకు మొదలుగాను, పునాదిగాను, వేరుగాను జెప్పినది. దేవుని కృప లేకయే స్వక్రియలచే మనుష్యుఁడు నీతిమంతుఁడు కాఁగలఁ డనువానిని మొదటి సూత్రముననే బహిష్కరించినది.

ఈ దేశమువారికి వైష్ణవసంప్రదాయములోని మర్కటకిశోర మార్జాలకిశోర న్యాయములు తెలిసినవే. కోఁతిపిల్ల తల్లిని దాను గఱచిపట్టుకొనును. పిల్లిపిల్లను దల్లియే నోటఁ గఱచుకొని పోవును. కథోలికమతము మొదటిది, లూథరుమతము రెండవది యని పోల్చుట సులభమే గాని సరి గాదు. కోఁతిపిల్ల పట్టునకు గావలసిన బలమును గూడఁ దల్లియే యిచ్చినదని కథోలికుల మతము. పిల్లిపిల్ల నమ్మి కదలకుండుటయుఁ దల్లి చలువయే యని లూథరనుల మతము. ఉపమాన మిచ్చటనే యలసిపోవును.

నాలుగవది, యన్నింటికంటె విచిత్రమైనది, “దేవద్రవ్యానుమానము.” సంస్కారములకుఁ బూర్వకథోలికగ్రంథములలోని పేరిది. జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము, అవస్థాభ్యంగనము, గురుపట్టము, జ్ఞానవివాహము అను నేడును దేవద్రవ్యానుమానములు. ఇందు “ద్రవ్యము” దివ్యమైన సారము. “అనుమానము” న్యాయశాస్త్రములోని ప్రమాణము. పర్వతమున ధూమమును జూచి యగ్ని నూహించునట్లు, నీళ్లు, నూనె, రొట్టె మొదలగు కనఁబడు వస్తువులనుబట్టి కనఁబడని యనుగ్రహమును దెలిసికొనుట యని వ్యుత్పత్తి. శాస్త్రజ్ఞునకు నీ శబ్ద మెంతయు రమ్యము. కాని పల్లెటూరి తెలుఁగున అనుమాన మనఁగా సందేహము. దేవద్రవ్య మనఁగా గుడిమాన్యము, గుడిసొమ్ము. విశ్వాసమునకు వెలుపలి గుఱుతుగా నుండవలసిన కార్యమునకు విశ్వాసవిరుద్ధమైన పేరు వచ్చినది! శాస్త్రీయశబ్దమును లోకవ్యవహారమును విచారింపక గ్రహించుటవలనఁ గలుగు నపాయమునకు నింతకంటె నుదాహరణము లేదు.

శాస్త్రదృష్టిని జూచినను శబ్దము నిర్దుష్టము గాదు. ధూమ మగ్నిని దెలుపును గాని పుట్టింపదు. 1547 మార్చి 3న త్రెంతుసభ సంస్కారము లేడనియు, నడ్డుపెట్టనివానికి నవి కర్మానుష్ఠానముననే యనుగ్రహము నిచ్చుననియు నిర్ణయించినది. అనఁగా నవి కేవలము జ్ఞాపకములు గావు, కారకములు. అనుమానశబ్దము జ్ఞాపకత్వమును మాత్రము చెప్పును. మఱి సంస్కారములు విశ్వాసమును మేల్కొల్పి బలపఱచు గుఱుతులును సాక్ష్యములును అని 1530 నాఁటి ఆగ్‌స్బర్గు విశ్వాసప్రకటనము పదుమూఁడవ ప్రకరణమునఁ జెప్పినది. అందుచేత నేసుసభ గురువులు దమ కెఱుకలేకయే లూథరనులకుఁ జాలవఱకు సరిపోవు శబ్దమును గల్పించి, తమ సంఘమునకుఁ బెట్టుకొనిరి. లూథరనులు దానిని గ్రహింపలేదు. గ్రహించియున్న “అనుమానము”తోఁ దామును బాధపడియుందురు.

తరువాతివారు దీనిని విడిచి “దివ్యసంస్కార” మను పేరు గ్రహించిరి. సంస్కారశబ్దము నేఁ డుభయసంఘములకును సామాన్యము. దోషమును దొలఁగించి గుణము నుంచుట సంస్కార మని పూర్వుల నిర్వచనము. ఇది రసాయనోపమానమునకుఁ జేరినది, న్యాయసభకుఁ గాదు. పేరుల విషయమున నీ విధముగా లెక్క సరిపోయినది: ఒకప్పుడు కథోలికుల శబ్దము లూథరు భావమును జెప్పెను, ఇప్పుడు లూథరనులు వాడు శబ్దము కథోలిక భావమును జెప్పుచున్నది.

స్నానమును గూర్చిన శబ్దములు మఱియొక వివాదమును జూపును. కథోలికుల “జ్ఞానస్నాన” మనువాదము. ప్రొటెస్టంటుల “బాప్తిస్మము” గ్రీకుశబ్దమునకుఁ దెలుఁగు వేషము. అనువదింపకుండుటవలన నొక లాభము కలిగినది. శిశువుల తలపై నీళ్లుపోయు లూథరనులును, పెద్దవారిని నీట ముంచు బాప్తిస్టులును ఒక్క బైబిలునే చదువఁగలిగిరి. ముంచుట యని తెలిఁగించినచో సగమువారు దానిని గ్రహింపకుందురు. జ్ఞానస్నాన మను పేరున జ్ఞానశబ్ద మాధ్యాత్మికార్థమున వచ్చినది. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి యనుటయు నట్లే. అయినను నేమియు నెఱుఁగని పసిబిడ్డకు జ్ఞానస్నాన మేమి యని బాప్తిస్టు లడుగకపోరు. విశ్వాసము లేనిచోట స్నాన మేల యని వారి ప్రశ్నము. ఇచ్చట లూథరను కథోలికుని పక్షముననే నిలుచును. శిశువు నిస్సహాయత్వమే కృప యుచితమైన దనుటకు సాక్ష్య మని యాతని యుత్తరము. బాప్తిస్టుల నిష్ఠయు సామాన్యము గాదు. 1876–78 నాఁటి కఱవుకాలమున ఒంగోలులో జాన్ క్లౌ కూటికొఱకు వచ్చి చేరుదురను భయమున బాప్తిస్మముల నాపివేసెను. కఱవు తీఱిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మలో నొక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మీయఁబడినది. ఆపుటయు నిచ్చుటయు నొకే సిద్ధాంతమునకు ఫలములు.

కర్మాంగములలో నేది ప్రధానము, ఏది విడువవచ్చును అను ప్రశ్న కథోలికులలోనే పూర్వము పుట్టినది. జ్ఞానస్నానవిధిలో గురువు తన యుమ్మి నంటించు నాచార మొకటి యుండెను. ఎంగిలిని మహాదోషముగా నెంచు నీ దేశమున గురువులు దానిని విడిచిరి. పోపుగారి రాయబారి తూర్నోను 1704లో పుదుచ్చేరినుండి ప్రకటించిన శాసనమున దానిని విడువరాదని యాజ్ఞాపించెను. నలువదేండ్ల వాదము తరువాత 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు తుదినిర్ణయము చేసెను. ఇది హాస్యాస్పదమైన చిల్లరవిషయముగాఁ దోఁపవచ్చును. కాని ప్రశ్న గంభీరము. అనుగ్రహము విధియందున్నయెడల విధిలో నేది లోపించినను భయమే. వాగ్దానమందున్నయెడల నీళ్లును మాటయుఁ జాలును. సంస్కారములను మిక్కిలి గౌరవించినవారే యిచ్చట దేశీయుల మనస్సునకై విధిని సడలించిరి.

పెండ్లి, భోజనము, చావు అను మూఁడింటను మతభేదము పల్లెకుఁ దెలియును. భోజనవిషయమునఁ బల్నాటికిఁ బ్రత్యేకస్మృతి గలదు. బ్రహ్మనాయుఁడు అన్నికులములవారిని నొక్కచాపపైఁ గూర్చుండఁబెట్టి భుజింపఁజేసె నను చాపకూటికథ కారెంపూఁడి వీరపూజలలో నేఁటికిని సజీవము. అట్టి సీమకు “దివ్యసత్ప్రసాద” మనియు “ప్రభురాత్రిభోజన” మనియు రెండు పేర్లతో నొక పంక్తి వచ్చినది. మొదటిపేరు వస్తువుయొక్క పవిత్రతను జెప్పును. రెండవది పంక్తియొక్క సహవాసమును జెప్పును. ఉదయారాధనలో జరుగుదానిని రాత్రిభోజన మనుట వింతగా వినఁబడినను, అప్పగింపఁబడిన రాత్రిని మఱవనీయనందున నది సార్థకము. ఇరువురి శబ్దములును నొక పరీక్షకు నిలువవలసియున్నవి. పంక్తిలో నెవరు ముందు, ఎవరు వెనుక? కథోలికసభలో రెడ్డి, కమ్మ కుటుంబములు కులమును విడువకయే చేరినవి. ప్రొటెస్టంటుసభలలో మాల మాదిగలు విశేషముగాఁ జేరిరి; కులమును విడువవలెనని బోధ గలిగియు, ఆ రెండుకులముల నడుమనే యెడము మిగిలినది. సత్ప్రసాదము కర్మానుష్ఠానముననే ఫలించునేని, ప్రక్కవానినిఁ జూచి యెడముగా జరిగినవానికి ఫలింపకుండుట కేమి యడ్డుపడినదో కథోలికుఁడు చెప్పవలెను. విశ్వాసము సత్క్రియలను దప్పక కనునని లూథరనుఁడు చెప్పునేని, ఈ క్రియ యేల పుట్టలేదో యాతఁడు చెప్పవలెను. శబ్దవిమర్శ యిచ్చట నాగి జీవితవిమర్శకుఁ జోటిచ్చును.

చరిత్ర యుభయసిద్ధాంతములను నొక్కొక్కసారి పరీక్షించినది. 1773లో పోపుగారు యేసుసభను రద్దుచేయఁగాఁ దెలుఁగుసీమలోఁ గథోలికగురువులు మిక్కిలి యరుదైరి. గురువు లేక పూజ లేదు, సత్ప్రసాదము లేదు, పాపసంకీర్తనము లేదు. అవసరమున నెవ్వరైన నీయఁదగిన జ్ఞానస్నానమును, ఇంటింటి తెలుఁగు జపములును మాత్రము మిగిలినవి. సంస్కారము లేడింటిమీఁద నిలిచినదని చెప్పఁబడిన సంఘము, వానిలోఁ బెక్కింటికి దూరమై, నమ్మికచేతనే నిలిచినది. లూథరనులకును విపరీతముగా నట్టి పరీక్షయే కలిగినది. 1861–65 నాఁటి అమెరికా అంతర్యుద్ధమున మిషనునకు సొమ్మును, మనుష్యులును గొఱఁతవడిరి. రాజమహేంద్రవరక్షేత్రమును వేఱొక మిషనున కప్పగింపఁబోవుచున్నారని విని, హయ్యరు డెబ్బదియాఱేండ్ల వృద్ధుఁడై 1869లో మరల సముద్రము దాఁటి వచ్చెను. విశ్వాసమే చాలునని బోధించినవాఁడు, బోధకుఁడు లేక వినుట లేదని యెఱిఁగి, మిక్కిలి కష్టమైన క్రియకుఁ బూనుకొనెను. ఒకచోట సంస్కారవాదులను విశ్వాసము గాపాడినది. వేఱొకచోట విశ్వాసవాదులను క్రియ గాపాడినది.

1999 అక్టోబరు 31న ఆగ్‌స్బర్గు నగరమున రోమను కథోలికసభయు లోకలూథరను సమాఖ్యయు నీతిమత్త్వసిద్ధాంతముపై నుమ్మడిప్రకటనమునకు సంతకములు చేసిరి. 1927లో నేర్పడి గుంటూరు కేంద్రముగా నున్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘ మా సమాఖ్యలోనిదే. మన యర్హతచేతఁ గాక, క్రీస్తు రక్షణకార్యమునందలి విశ్వాసమున, కృపచేతనే దేవుఁడు మనలను స్వీకరించి, సత్క్రియలకు సమర్థులను జేయునని యందలి సారము. తీర్పును రసాయనమును నొక్క వాక్యమున నిమిడ్చిన ప్రకటన మది. మూల సిద్ధాంతములపైఁ బరస్పరము వేసికొనిన పూర్వశాపములు ఆ ప్రకటనమున వివరింపఁబడిన బోధలకుఁ దగులవని యుభయులు నొప్పుకొనిరి. సంస్కారముల సంఖ్య, గురుపట్టము, ఒకే పంక్తిలో సత్ప్రసాదస్వీకారము మొదలగునవి యింకను దేలలేదు.

ఆ యేకవాక్యతకు గావలసిన యుపకరణము తెలుఁగున నంతకుఁ బూర్వమే సిద్ధముగా నుండె ననుట యతిశయోక్తి గాదు. “తీర్చు” ధాతువులో నిరుపక్షములును నొక్కయింట నివసించుచున్నవి. కృపయు వరప్రసాదమును గలిపిచదివినచో నిచ్చువాని హృదయమును బుచ్చుకొనువాని దోసిలియు నొక్కసారి కనఁబడును. లోపించినది శబ్దము గాదు, శబ్దములను బరస్పరము వినిపించుట. రెండు సంఘముల ప్రార్థనపుస్తకములను బ్రక్కప్రక్కనుంచి పరిశోధించి యొక మతపరిభాషానిఘంటువును గూర్చుట భాషాసేవయు నగును, సంఘసేవయు నగును. ఆనందకవి ప్రబంధమును, షుల్జుని ప్రశ్నోత్తరిని, పూర్వకథోలికగ్రంథములను భిన్నమతగ్రంథములని దూరముంచక తెలుఁగు వాఙ్మయభాగములుగాఁ బరిశీలించినప్పుడే యిది సాధ్యము.

విడువఁబడిన యా పాతమాటకును దుదకుఁ గొంత న్యాయము చేయవలెను. గుఱుతును జూచి వస్తువు నూహించుట అనుమానము. గుఱుతు లేకున్నను వస్తువు గలదని నిలుచుట విశ్వాసము. మొదటిది మాత్రమే కలవాఁడు పొగ కనఁబడనినాఁడు భయపడును. రెండవది మాత్రమే కలవాఁడు చలికాలమునఁ బొయ్యి యొద్దకుఁ బోవనొల్లక మొండితనము చేయును. గురువులు లేని దినములలోఁ గథోలికులు రెండవదానిని నేర్చిరి. లూథరు తన చిన్నపుస్తకమున నీళ్లకును రొట్టెకును బ్రకరణము లుంచి మొదటిదానిని గాపాడెను. విశ్వాసానుమానములు పల్నాటిపల్లెలలో నిరుగుపొరుగు వీధుల నున్నను, ఒక దానికి రెండవది శత్రువు గాదు.